ఊరు ఊరంతా దాచిపెట్టింది
ఫ్రాన్స్ మ్యాప్‌లో లె షాంబాన్ సుర్ లిన్యాన్ అని వెతికి చూడండి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, లిన్యాన్ నది పక్కన చిన్న ఊరు. చుట్టూ అడవి, దూరదూరంగా రైతుల ఇళ్లు, చలికాలమంతా మంచు.

అక్కడ ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఒకప్పుడు ఫ్రాన్స్ రాజులు వాళ్ల మతాన్ని నిషేధించారు. తరిమితే ఎలా ఉంటుందో తాతల నాటి నుంచీ తెలుసు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు భయపడి పారిపోయి వచ్చిన యూదులకు తలుపులు తీశారు. పాస్టర్ ఆంద్రే ట్రోక్మే, భార్య మాగ్దా ముందు నిలిచారు. పొలాల ఇళ్లలో, హాస్టళ్లలో దాచారు. దొంగ గుర్తింపు కార్డులు చేసిచ్చారు. కొందరిని స్విట్జర్లాండ్ చేర్చారు.

దొరికితే ప్రాణమే పోతుంది. పాస్టర్ బంధువు డానియల్ ట్రోక్మే తన హాస్టల్ విద్యార్థులతోపాటే అరెస్టయి, 1944లో మైదానెక్ క్యాంపులో చనిపోయాడు.

1990లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఈ ఊరితోపాటు చుట్టుపక్కల పల్లెలనూ కలిపి గౌరవించింది. మరి, ఒక్క ఇంటివాళ్లు నోరు జారినా అందరూ దొరికిపోయేవాళ్లే కదా!