ల్యాప్‌టాప్‌కు చెవులెక్కడ?

సింగపూర్‌లోని సిమ్ లిమ్ స్క్వేర్ దుకాణాలలో దొరికే అతి చిన్న వస్తువులలో వైఫై కార్డు ఒకటి. ఎం.2 అనే ప్రమాణానికి చెందిన కార్డు వెడల్పు 22 మి.మీ., పొడవు 30 మి.మీ.; పెద్ద తపాలా బిళ్ళంత. పిల్లల పాత ల్యాప్‌టాప్‌లో వైఫై మూగబోయినప్పుడు, యంత్రాన్నే పారవేయకుండా ఈ బిళ్ళను ఇంట్లోనే మార్చుకొనవచ్చునా అన్న ప్రశ్న చాలా కుటుంబాలకు ఎదురయ్యేదే. ఏటా సుమారు 60 వేల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడే ఈ చిన్న ద్వీపంలో అది అడగదగిన ప్రశ్న. చాలా యంత్రాలలో మార్చుకొనవచ్చును. అయితే కార్డు కన్నా ముందు ఆంటెన్నాను గురించి తెలుసుకోవాలి.

వైఫై తరంగాలు ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల వద్ద ప్రసరిస్తాయి. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది: మొదటిదానికి సుమారు 12.5 సెం.మీ., రెండవదానికి 6 సెం.మీ. ఆంటెన్నా పొడవు ఇందులో నాలుగవ వంతు ఉంటే చక్కగా స్పందిస్తుంది. అంటే మూడు సెంటీమీటర్ల లోహపు రేకు దాదాపు చాలును. తీగ పొడవును బట్టి వీణ స్వరం మారినట్లే, రేకు పొడవును బట్టి అది ఆలకించే తరంగం మారుతుంది. ఈ రేకులను సాధారణంగా తెర చుట్టూ ఉన్న చట్రంలో దాచుతారు. అక్కడి నుండి సన్నని తీగలు మూత కీలు గుండా కార్డు వద్దకు దిగివస్తాయి. లోహపు మూతను తరంగాలు దాటలేవు కనుక అటువంటి యంత్రాల అంచున ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. అలంకారంలా కనిపించే ఆ పట్టీయే తరంగాలకు కిటికీ.

1999 జులైలో ఆపిల్ సంస్థ ఆవిష్కరించిన ఐబుక్‌లో ఆంటెన్నాలను ముందే అమర్చి, కార్డును విడిగా 99 అమెరికన్ డాలర్లకు అమ్మారు. యజమాని కీబోర్డును పైకెత్తి కార్డును దూర్చుకుంటే సరిపోయేది. 2003లో ఇంటెల్ సెంట్రినో వచ్చిన తరువాత కార్డు యంత్రంతో పాటే రావడం పరిపాటి అయింది.

తీగలు రెండెందుకు? పొల్లాచ్చిలో జన్మించి, భారత నౌకాదళంలో సోనార్ నిర్మాణానికి నాయకత్వం వహించి, స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ 1990ల ఆరంభంలో చేసిన ప్రతిపాదన ఇందుకు మూలం. ఒకే పౌనఃపున్యం మీద, పలు ఆంటెన్నాల ద్వారా, వేర్వేరు సమాచార ధారలను ఒకేసారి పంపవచ్చునన్నది ఆయన ఆలోచన. గోడల నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనులు ధారలను వేరుచేయటానికి అడ్డు కాకపోగా తోడ్పడతాయి. ఈ కృషికి 2014లో ఆయనకు మార్కోనీ బహుమతి లభించింది. రెండవ తీగ తగిలించకపోయినా యంత్రం పనిచేస్తుంది గాని, వేగం, దూరం రెండూ తగ్గుతాయి.

కొనేముందు యంత్రపు నమూనా సంఖ్యతో మూడు సంగతులు విచారించుకోవాలి. పలుచని కొత్త యంత్రాలు కొన్నింటిలో వైఫై చిప్పు ప్రధాన ఫలకానికే అతికి ఉంటుంది. అక్కడ మార్చేదేమీ లేదు. కొందరు తయారీదారులు తాము ఆమోదించిన కార్డు తప్ప మరొకటి పెడితే యంత్రం మొదలే కాకుండా కట్టుదిట్టం చేశారు. ఇక ఇంటెల్ ఏఎక్స్ 210, ఏఎక్స్ 211 కార్డులు చూపులకు కవలలు. మొదటిది స్వతంత్రమైనది. రెండవదాని పనిలో కొంత భాగం ఇంటెల్ ప్రాసెసరు పక్షాన జరుగుతుంది కనుక అది ఏఎండీ యంత్రంలో పనిచేయదు. 2023లో సింగపూర్ నియంత్రణ సంస్థ ఐ.ఎం.డి.ఏ. 6 గిగాహెర్ట్జ్ పట్టీలో కొంత భాగాన్ని వైఫైకి తెరిచింది. కొత్త కార్డు దానిని వినగలదు. పాత రేకుకు మాత్రం ఆ శ్రుతి లేదు.

పని మొదలుపెట్టేముందు యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, లోపల బ్యాటరీ కనెక్టరును విడదీయాలి. సింగపూర్ గాలిలో తేమ ఎక్కువ, స్థిరవిద్యుత్తు భయం లేదనుకోరాదు. ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది. సుమారు మూడు వేల వోల్టుల లోపు చిటుకును మన చర్మం పసిగట్టదు. కొన్ని చిప్పులకు వందల వోల్టులే ప్రాణాంతకం. మొదట ఏదైనా పెద్ద లోహపు వస్తువును తాకడం మంచి అలవాటు.

కార్డు అంచున మెరిసేది నిజమైన బంగారమే. అది ఆక్సిజన్‌తో కలియదు కనుక స్పర్శ ఏళ్ళ తరబడి చెడదు. కాని పూత సాధారణంగా మైక్రోమీటరుకు లోపే. వేలి చెమటలోని ఉప్పు పూతలోని సూక్ష్మరంధ్రాల గుండా దిగి, క్రింది నికెల్‌ను, రాగిని తినివేయగలదు. కార్డును పక్క అంచులతోనే పట్టుకోవాలి.

పాత కార్డు మరను విప్పగానే అది కొద్దిగా పైకి లేస్తుంది. కొత్తదానిని అదే వాలులో దూర్చి, అణచి, మర బిగించాలి. తీగల చివరనున్న బుల్లి టోపీలే ఈ పనిలో అసలు పరీక్ష. వీటిలో యు.ఎఫ్.ఎల్. అనే రకానికి తయారీదారు చెప్పిన ఆయుర్దాయం 30 సార్లు తగిలించి తీయడమే, ఎం.2 కార్డుల టోపీలు ఇంకా చిన్నవి. టోపీని నిలువుగా ఉంచి, చిన్న టిక్కుమనే శబ్దం వచ్చేదాకా గోటితో నొక్కాలి. ఏటవాలుగా నొక్కితే అంచు వంగుతుంది. యంత్రం తెరిచాక రౌటర్ పక్కన మాత్రమే సంకేతం అంది, పక్క గదిలోకి వెళ్ళగానే మాయమైతే, కార్డును నిందించక మళ్ళీ మూత విప్పి ఆ టోపీలను చూడాలి.