టీడీఎస్ మీటర్ 142 చూపిస్తోందా? పక్కన ‘×10’ ఉందేమో చూడండి

పోయిన వేసవిలో సోంపేట దగ్గర మా పెదనాన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు, నా పెన్ టైప్ టీడీఎస్ మీటర్‌ని వాళ్ల బోరు నీళ్లలో ముంచాను. 142 వచ్చింది. "ఏటిరా, నూట నలభై రెండేనా? అయితే మంచినీరే" అన్నారు పెదనాన్న. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆ నీళ్లతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదట. మళ్లీ స్క్రీన్ చూస్తే మూలన చిన్నగా ‘×10’ అని ఉంది. అంటే అసలు రీడింగ్ 1420 పీపీఎం!

చాలా చవక మీటర్లు 999 వరకే నేరుగా చూపిస్తాయి. అది దాటితే ×10 మోడ్‌లోకి వెళ్లిపోతాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి 1420 అంటే విషం అని కాదు, కానీ ‘మంచినీరే’ అనేసే నంబరు కూడా కాదు.

ఇది ఉద్దానం కాబట్టి ఇంత చెప్పాల్సి వస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు వేధిస్తోంది. నీళ్ల మీద అనుమానం ఉంది కానీ, ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. ఇలాంటి చోట మీటర్ నంబరు చూసి ఏ నీళ్లు తాగాలో నిర్ణయించుకుంటే, ముందు ఆ నంబరుకి అర్థం తెలియాలి.

రీడింగ్ తేడా ఎందుకొస్తుంది?

ఈ మీటర్ నీళ్లలో ఉన్న పదార్థాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టదు. నీళ్లలో కరెంట్ ఎంత బాగా పారుతుందో కొలిచి, దాన్ని ఒక ఫ్యాక్టర్‌తో గుణిస్తుంది, అంతే. ఆ ఫ్యాక్టర్ ఒక కంపెనీలో 0.5 ఉంటే ఇంకో దాంట్లో 0.7 ఉంటుంది. అందుకే ఒకే గ్లాసులో రెండు మీటర్లు రెండు మాటలు చెబుతాయి. యూనిట్ పొరపాటున మైక్రోసీమెన్స్‌లోకి మారినా నంబరు దాదాపు డబుల్ అయిపోతుంది. మేడ మీద ట్యాంక్‌లో కాగిన నీళ్లయితే, టెంపరేచర్ కాంపెన్సేషన్ లేని మీటర్‌లో ప్రతి డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. ఎలక్ట్రోడ్‌ల మధ్య గాలి బుడగ ఇరుక్కుంటే మాత్రం తగ్గుతుంది. ముంచాక ఒకసారి కదపండి.

డౌట్ ఉంటే వంటింట్లోనే చెక్ చేసుకోవచ్చు. 10 గ్రాముల ఉప్పుని ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, మొత్తం లీటరు చేయండి. అందులోంచి 50 మిల్లీలీటర్లు తీసుకుని, ఇంకో గిన్నెలో మళ్లీ ఆర్‌ఓ నీళ్లతో లీటరు చేయండి. 0.5 ఫ్యాక్టర్ ఉన్న మీటర్ సుమారు 500, దానికి తోడు ఆ ఆర్‌ఓ నీళ్ల సొంత రీడింగ్ చూపించాలి. మరీ 300 చూపిస్తే ఎలక్ట్రోడ్ కడిగి, బ్యాటరీ మార్చి మళ్లీ చూడండి.

క్లోరిన్ టెస్ట్‌లో తమాషా

ఇది స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లకి బాగా తెలిసిన ట్రాప్. డీపీడీ కిట్‌లో క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. కానీ క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే తినేస్తుంది, నీళ్లు తెల్లగా ఉండిపోతాయి. ట్యాంక్‌లో బ్లీచింగ్ వేసిన రోజే ‘జీరో’ వస్తే ఒక వంతు నీళ్లకి తొమ్మిది వంతుల ఆర్‌ఓ నీళ్లు కలిపి మళ్లీ టెస్ట్ చేయండి. ఇప్పుడు రంగు వస్తే, వచ్చిన విలువని 10తో గుణించాలి.

మీటర్‌కి కనపడనివి

సీసం పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. మన మీటర్ అతి చిన్న మెట్టు 1. అంటే సీసం పరిమితికి యాభై రెట్లున్నా ఆ నంబరులో తేడా తెలీదు. సిలికా మామూలు నీళ్లలో ఎక్కువగా చార్జ్ లేకుండా ఉంటుంది కాబట్టి దాదాపు కనపడదు. పురుగుమందులు, బ్యాక్టీరియా సంగతి సరే సరి. ఆర్‌ఓ మెషిన్ మెంబ్రేన్ పనిచేస్తోందా లేదా చూడ్డానికి ఈ గ్యాడ్జెట్ బెస్ట్. ‘ఈ నీళ్లు సేఫా?’ అన్న ప్రశ్నకి కాదు.

దానికి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కే వెళ్లాలి. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యంతో పాటు భారలోహాలు కూడా చూడగలరా అని ముందే అడగండి. బోరు కొన్ని నిమిషాలు వదిలాక, సీసాని అదే నీళ్లతో రెండు మూడు సార్లు తొలిచి నింపండి. బ్యాక్టీరియా టెస్ట్‌కి మాత్రం ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరిలైజ్డ్ సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు.