పేరునకు ముందు చూపు

బొగ్గు రంగేదని మా గోదావరిఖనిలో ఏ బిడ్డ నడిగినను "నలుపు" అనును. మేమును అట్లే అనుచుంటిమి. అయినను అప్పుడే పగిలిన బొగ్గుపెళ్లను ఎండలో త్రిప్పి చూచినచో, ఒకవైపు అద్దమువలె మెఱయును. వేఱొకవైపు బూడిదవన్నె తోచును. నలుపను పేరు దొరకినంతనే మన కన్ను పని చాలించుచున్నది.

ఈ సంగతి మాకు చిత్రముల వలన తెలిసినది. బడిలో ఉపాధ్యాయులగు మావారు ఇటీవల సూర్యప్రకాశ్ గారి చిత్రముల ప్రతులు గల పుస్తక మొకటి తెచ్చిరి. ఈయన 1940లో ఖమ్మము ప్రాంతమందలి మధిరలో జన్మించి, హైదరాబాదున చిత్రకళ నభ్యసించి, ఢిల్లీలో రామకుమార్ గారి యొద్ద శిక్షణ పొందిరి. పాఱవేయబడిన మోటారుకార్లను చిత్రించి పేరొందిరి. అందలి కారు ఎవరిని ఎక్కించుకొనునది కాదు. వంగిన రేకు, తుప్పు, నీడ, ఇవియే అందు ముఖ్యములు. పిదప నీటిని, ఆకులను, ప్రతిబింబములను చిత్రించుచు వస్తురూపమును రంగులలో కరగించిరి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యశాలలో ఆస్థానచిత్రకారులుగా నుండి, 2019లో దివంగతులైరి. కంటివైద్యము జరుగుచోట చూపును గూర్చి యోచించు చిత్రకారు డుండుట యెంత తగినది!

పుటలు త్రిప్పి మేము "ఇది యేమి చిత్రము? ఏమియు తెలియదే!" అని పెదవి విఱిచితిమి. గనిలో పనిచేసి విరమించిన కార్మికుని భార్య, మా పొరుగింటి యామె, చేట చేతబట్టుకొని నిలిచి చూచి, "వాన వెలిసినంక ఎండ గొడితె తుప్పు గిట్లనే మండినట్టు కనవడ్తది, పంతులమ్మా" అనెను. బడి కెన్నడును పోని యామె కన్నులకు తోచినది చెప్పినది. కావ్యములు చదివిన మేము పేరు వెదకి, దొరకక వెనుదిరిగితిమి.

బాల్యమున మా తండ్రిగారు చెప్పిన తర్కసంగ్రహము అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. తెలుగువాడగు అన్నంభట్టు రచించిన యా గ్రంథమున ప్రత్యక్షజ్ఞానము రెండు విధములు. పేరు, జాతి, గుణము కూర్పక వస్తువును గ్రహించుట నిర్వికల్పకము. 'ఇది ఫలానా' యని విశేషణముతో గ్రహించుట సవికల్పకము. మొదటిది క్షణములో జాఱిపోవును. అమూర్తచిత్రము రెండవదానిని కొంత ఆలస్యపఱచి, మనలను మొదటిదాని చెంత నిలుపజూచునని మాకు తోచుచున్నది. కావున అట్టి చిత్రము నెదుట "ఇది యేమి?" అనుటకు మాఱు "ఏమి కనబడుచున్నది?" అని ప్రశ్నించుకొనవలెను.

ఆ పొరుగింటి పెద్దాయన యిప్పుడు దినమంతయు అరుగుమీదనే కూర్చుండును. 'పని దిగినవాడు' అని పేరుపెట్టి, మేమాయన వైపు చూచుటయే మానితిమి. ఆనాటి సాయంకాలము చూచితిమి. మోకాళ్లపై నున్న చేతులలో, పాతగాయముల చర్మము క్రింద బొగ్గు నిలిచిపోయి నీలిగీతలుగా నున్నది. ఇన్నేండ్లు ప్రక్కయింట నుండియు వానిని మేము చూడనే లేదు! సిగ్గుపడితిమి.

సోదరీమణులారా! మీ పిల్లలు రంగులు పూసిన కాగితము తెచ్చినపుడు "ఇది యేమిరా?" యని గద్దింపకుడు. దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఏ రంగుతో మొదలుపెట్టినారో అడుగుడు. వారు చెప్పునంతవఱకు మీరును చూచుచుండుడు.