స్తనవిద్రధి: చీము చెప్పు సాక్ష్యము

ఖమ్మము పల్లెలలోనేమి, భద్రాచలపు అడవి గూడెములలోనేమి, స్త్రీకి రొమ్మున గడ్డ లేచినచో ముందు పట్టు వేయుదురు. పిదప దిష్టి తీయుదురు. సిగ్గుచే ఆమె చెప్పదు. చెప్పినను మనము తొందరపడము. ఆ జాప్యమువలన కలుగు కీడును గూర్చియే నేటి ప్రసంగము.

సుశ్రుతుడు పక్వము కాని వాపును కోయువానిని, పక్వమైనదానిని ఉపేక్షించువానిని సమానముగా నిందించెను. నేడు మూడవవానిని గూడ చేర్పవలసియున్నది. వాడు చీమును పరీక్షింపక పారబోయువాడు.

బాలింతలకు లేచు గడ్డకు సాధారణముగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి కారణము. అది చనుమొన పగుళ్లగుండ లోనికి బోయి, నిలిచిన పాలయందు వృద్ధిపొందును. ఎరుపు, వేడి, సలుపు, జ్వరము దీని లక్షణములు. చీము తీసి తగిన మందిచ్చినచో మానును. అట్లు మానక మరల మరల లేచినను, పాలివ్వని స్త్రీకి లేచినను, కారణము వేరొకటి యేమోయని శంకింపవలెను.

అట్టివానిలో మొదటిది క్షయ. రొమ్ముక్షయను 1829లో ఆస్ట్లీ కూపరు అను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. క్షయక్రిమిని 1882లో రాబర్టు కాకు కనుగొనెను. ఈ గడ్డకు తరచుగా వేడియు సలుపును తక్కువ. చంకలో బిళ్లలు కట్టవచ్చును. కోసిన పుండు మానక కారుచుండవచ్చును. రెండవది మెలియాయిడోసిస్. దీనిని విట్మోరు, కృష్ణస్వామి అను వైద్యులు రంగూనులో గుర్తించి 1912లో ప్రకటించిరి. దీని క్రిమి బురదనేలలోను వరిమడి నీటిలోను నివసించి, గాయములగుండ దేహమును చేరును. మధుమేహము గలవారిని ఎక్కువగా బాధించును. సామాన్యమైన మందులు పెక్కు దీనిపై పనిచేయవు. అరుదుగా టైఫాయిడు క్రిమియు రొమ్మున గడ్డ కట్టించును.

ఇవన్నియు పైకి ఒక్కతీరుననే కనబడవచ్చును. కావున వైద్యుడు అల్ట్రాసౌండుతో చూచి, సూదితో చీము లాగి పరీక్షకు పంపును. ఒక భాగమునకు రంగువేసి సూక్ష్మదర్శినితో చూతురు. మరియొక భాగమున క్రిమిని పెంచి, ఏ మందునకు లొంగునో తెలిసికొందురు. క్షయక్రిమి పెరుగుటకు వారములు పట్టును. సీబీనాట్ యంత్రము రెండు గంటలలో దాని జాడ చెప్పగలదు. క్రిమిని పెంచుటకు పంపు చీమును ఫార్మలిన్‌లో వేయరాదు, క్రిమి చచ్చును. వీలైనంతవరకు మందు మొదలిడకమునుపే చీము తీయుట మేలు. పుట్టకురుపు, అనగా క్యాన్సరు, గూడ గడ్డవలె కనబడవచ్చును గనుక, అనుమానమున్నచో చిన్న ముక్క తీసి పరీక్షింతురు.

క్షయయని తేలినచో భయపడ నక్కరలేదు. ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితము. సాధారణముగా ఆరునెలలు విడువక మ్రింగవలెను. బిడ్డకు పాలు మాన్పవలెనా యను విషయమును వైద్యుడే నిర్ణయింపవలెను, మనము గాదు.

గృహమున పెద్దల అనుమతి లేక వైద్యశాలకు కదలని కోడండ్రు మన పల్లెలలో ఇంకను గలరు. గడ్డ పండువరకు ఉండుమని చెప్పక, బండి కట్టించి పంపుడు. చీమును పరీక్షకు పంపితిరా యని వైద్యుని అడుగుడు. ఆ యొక్క ప్రశ్న ఒక తల్లిని కాపాడవచ్చును.