పగడం లేని సముద్రం

మా అత్తగారికి సముద్రమంటే పిచ్చి. విశాఖపట్నంలో పుట్టి, విశాఖపట్నంలోనే మెట్టిన మనిషి. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో ఓ గంట నడిచి రాకపోతే ఆవిడకి కాఫీ రుచించేది కాదు. కిందటేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైంది, వాకరొచ్చింది, మూడో అంతస్తులోని మా ఫ్లాటే ఆవిడ లోకమైపోయింది. లిఫ్టు లేదా అంటారేమో. ఉంది. వారానికి మూడు రోజులు పనిచేస్తుంది.

"మామ్మ దగ్గరికి సముద్రాన్నే తెచ్చేద్దామమ్మా" అంది తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. దాని స్నేహితురాలి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. రంగురంగుల పగడాలు, వాటి మధ్య చేపలు. ధర వాకబు చేసొచ్చిన మావారు "లక్ష దాటుతుంది, ఆ డబ్బుతో లిఫ్టే బాగుచేయించొచ్చు" అని పేపర్లో తలదూర్చేశారు. నా దగ్గరున్నది చీటీ పాడగా వచ్చిన పాతిక వేలు. ఫ్రిజ్ మారుద్దామని దాచినవి. ఆ ఫ్రిజ్ ఇవాళ్టికీ గుర్రుమంటూనే ఉంది లెండి.

మొదట వెళ్ళిన దుకాణంలో ఓ కుర్రాడు లోపలి గదిలోకి తీసికెళ్ళి పగడం ముక్కలు చూపించాడు. "మీకోసం తక్కువకిస్తాను మేడమ్, బిల్లు మాత్రం ఉండదు" అన్నాడు. కూరగాయలకైతే బిల్లడగం గానీ, లోపలి గదిలో అమ్మే వస్తువంటే నాకెందుకో గుండె దడ. ఇంటికొచ్చి ఆరా తీస్తే తెలిసింది, మన దేశంలో పగడపు దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయని. పులి ఉన్న జాబితా అది! చచ్చిన పగడపు రాయి అమ్మినా కొన్నా నేరమే.

పగడం రాయి కాదు, చెట్టూ కాదు, జంతువు. వేలకొద్దీ బుల్లి జీవులు కలిసి కట్టుకున్న సున్నపు ఇల్లది. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. అది ఎండతో వండిపెట్టిన తిండే పగడానికి ముఖ్యాధారం, రంగులో చాలా భాగం కూడా దానిదే. నీళ్ళు వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోయి పగడం తెల్లగా పాలిపోతుంది. 1998లోనూ 2016లోనూ లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో ఇదే జరిగింది. ఇవన్నీ విన్నాక మా అమ్మాయే "పగడం వద్దులేమ్మా" అంది.

పగడం వద్దనుకోగానే ఖర్చు సగానికి దిగింది! ఎండని తలపించే ఖరీదైన దీపాలు అక్కర్లేదు. రోజూ కాల్షియం మందులు పోయనక్కర్లేదు. నీళ్ళలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ అనే యంత్రం కూడా మానేశాం. రెండు మూడు చిన్న చేపలకి వారానికోసారి పదో వంతు నీళ్ళు మారిస్తే చాలు. మామూలు ఎల్‌ఈడీ ట్యూబు కింద చేపలు హాయిగా ఉంటాయి.

తొట్టి రెడీమేడ్‌ది కొనలేదు. అద్దాల కొట్లో 8 మిల్లీమీటర్ల గాజు కోయించి, 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తుతో కట్టించాం. అతికే సిలికాన్ అక్వేరియంలకి పనికొచ్చేదే కావాలి. బాత్రూంలకి వాడే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి విషం. వారం రోజులు ఆరనిచ్చి, బాల్కనీలో నీళ్ళు నింపి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి రెండు రోజులు చూశాం. ఓ మూల పేపరు తడిసింది! మళ్ళీ అతికించి, మళ్ళీ ఆరబెట్టాం. ఈ పరీక్ష హాల్లో చేసుంటే కింది ఫ్లాటు వాళ్ళతో ఈపాటికి మాటలుండేవి కావు. నీళ్ళూ గాజూ రాళ్ళూ కలిపి నూట యాభై కిలోలు దాటుతుంది కాబట్టి వెల్డింగు షాపులో ఇనప స్టాండు చేయించి, నేల మధ్యలో కాకుండా గోడవారగా పెట్టించాం. ఇంకోమాట. ఉప్పునీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి. ప్రతి వైరూ ప్లగ్గుకంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి లేవాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు కిందే రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

ఇక నీళ్ళు. "ఊరంతా సముద్రం పెట్టుకుని ఉప్పునీళ్ళు కొనడమేమిటే!" అన్నారు అత్తయ్య. నాకూ అలాగే అనిపించింది. కానీ ఒడ్డున దొరికే నీళ్ళలో ఊరి మురుగు కలుస్తుంది. పడవలో లోపలికి వెళ్ళి తెచ్చేవాళ్ళు మనకెవరున్నారు? పోనీ వంటింటి ఉప్పు కలుపుదామంటే కుదరదు. సముద్రపు నీళ్ళలో ఉప్పొక్కటే కాదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ ఒక పాళ్ళలో ఉంటాయి. అందుకని అక్వేరియం ఉప్పు కొని, ఆర్‌ఓ నీళ్ళలో లీటరుకి సుమారు 36 గ్రాముల చొప్పున కలిపాం. తొట్టికి నాలుగు కిలోల పైచిలుకు పట్టింది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 రావాలి. డబ్బు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, దీన్నీ టెస్ట్ కిట్లనీ మాత్రం మానకండి.

బీచ్ ఇసుక కూడా వద్దు. మన విశాఖ, భీమిలి తీరం ఇసుకలో నల్లగా మెరిసేవి ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలు. అవి తొట్టికి తగవు. మేం అడుగున ఏమీ వెయ్యలేదు, తుడుచుకోవడం తేలిక. గుహల్లాంటి సిరామిక్ రాళ్ళు పేర్చాం. నీళ్ళని కదిపే చిన్న మోటారు, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, అంతే.

ఇంతవరకూ బాగానే వచ్చి, అసలు చోట తప్పు చేశాను.

నీళ్ళు కలిపిన నాలుగోరోజున ఇంకో దుకాణానికి వెళితే "ఇవి గట్టి చేపలమ్మా, ఏమీ కావు" అని రెండు నీలం డామ్సెల్ చేపలిచ్చాడు. అత్తయ్య కుర్చీ తొట్టి ముందుకు జరిపించుకుని రాత్రి పదిదాకా చూస్తూ కూర్చున్నారు. రెండ్రోజులు గడిచాయి. మూడోరోజు పొద్దున్న రెండూ వెల్లకిలా తేలాయి.

అమ్మాయి ఏడ్చింది. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "ఇవి ఎక్కడివమ్మాయ్?" అని అడిగారు. సముద్రంలో పట్టినవేనని చెప్పాను. "నేనంటే నడవలేక ఇక్కడ పడున్నాను. నా సరదా కోసం ఇంకో రెండు ప్రాణాల్ని నాలుగు అద్దాల మధ్య పడేస్తారా? నాకొద్దు, తీసెయ్యండి" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తొట్టి మీద పాత చీర కప్పేశాను.

చేపలు ఎందుకు చచ్చాయో తర్వాత తెలిసింది. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒకరకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకోరకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది కాస్త నయం. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా ఉండవు. పాలు కాచి గిన్నెలో పోసినంత మాత్రాన పెరుగవుతుందా? తోడు వెయ్యాలి, తోడుకోనివ్వాలి. ముప్పయ్యేళ్ళు దాటిన దగ్గర్నుంచీ రోజూ పెరుగు తోడేస్తున్న నాకు ఇది తట్టకపోవడమేమిటో!

చీర తీశాను. అమ్మాయి స్నేహితురాలింట్లోని తొట్టిలోంచి వాడిన స్పాంజి ముక్క అడిగి తెచ్చి వేశాను, అదే తోడు. ఒక పచ్చి రొయ్యని పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీశాను, కుళ్ళి అమ్మోనియా పుట్టడానికి. వాసన గురించి మావారన్న మాటలు రాయను. రెండ్రోజులకోసారి టెస్ట్ కిట్‌తో చూసి కాలెండరు మీద అంకెలు వేశాం. అమ్మోనియా పెరిగి తగ్గింది, నైట్రైట్ పెరిగింది, అది తగ్గడానికి ప్రాణం తీసింది. 38వ రోజున రెండూ సున్నా. సగం నీళ్ళు మార్చాం. ఈ 38 రోజులకీ పైసా ఖర్చు కాలేదు.

ఇక అత్తయ్యని ఒప్పించాలి. క్లౌన్ చేపల్ని తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సాధించారు. గుడ్లు వారం పైన పొదుగుతాయి, పిల్లలకి మొదట్లో రోటిఫర్లనే సూక్ష్మజీవుల్ని మేపుతారు. అలా పెంచినవేనని బిల్లు మీద రాసిచ్చినవాళ్ళ దగ్గరే రెండు కొన్నాం. మా అమ్మాయి ఇదంతా మామ్మకి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ ఆలోచించి, "సముద్రమే చూడనివాటికి సముద్రం మీద బెంగేముంటుందిలే" అన్నారు. క్లౌన్ చేపలన్నీ ముందు మగవేనట, జంటలో పెద్దది ఆడదై పెత్తనం చేస్తుందట. అది విన్నాక అత్తయ్యకి ఆ పెద్ద చేప మీద ప్రత్యేకమైన అభిమానం కలిగింది.

పాతిక వేలల్లో పద్దెనిమిది వందలు మిగిలితే, ఆవిడ పట్టుబట్టి బాటరీతో నడిచే గాలి పంపు కొనిపించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మా పేటలో రోజులకొద్దీ కరెంటు లేకపోవడం ఆవిడ మర్చిపోలేదు. మొన్న మే నెలలో అర్ధరాత్రి కరెంటు పోయింది. మేమంతా నిద్రలో ఉన్నాం. నిద్రపట్టని ఆవిడకే మోటారు చప్పుడు ఆగడం తెలిసింది. "ఒసేయ్, నీళ్ళు ఆగిపోయాయే!" అని ఒక్క కేక. టార్చి వెలుగులో పంపు పెట్టాను. తెల్లారేదాకా ఆవిడ పడుకోలేదు.

ఎండాకాలంలో నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకని తరిగిన మేరకి మంచినీళ్ళే పోయాలి. గాజు మీద స్కెచ్ పెన్‌తో గీత గీశాం. ఆ గీత చూసే పని ఇప్పుడు అత్తయ్యది. వాకర్ పట్టుకుని లేచి, తొట్టిదాకా నాలుగడుగులు వేసి, చెంబుతో తనే పోస్తారు.

పోయినవారం లిఫ్టు బాగైంది. ఆదివారం సాయంత్రం చక్రాల కుర్చీలో బీచ్‌కి తీసికెళ్ళాం. అలలు చూస్తూ గంటసేపు కూర్చుంటారనుకున్నాను. అరగంట కాకుండానే "పదండర్రా, వాటికి మేత వేసే వేళయింది" అన్నారు.