చమురు బిల్లు కూలీ నెత్తికెక్కే దారి

ఎక్కడో గల్ఫులో చమురు ధర పెరిగితే కొల్లేటి లంకల్లో కూలి చేసుకునేవాడికి ఏమిటి సంబంధం అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. సంబంధం ఉంది. ఎలాగో చూద్దాం.

దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయట కొంటున్నదే. దానికి డాలర్లు కావాలి. అవి మన సరుకు అమ్మితే రావాలి, గల్ఫుకెళ్లిన మన ఆడపడుచులు చెమటోడ్చి పంపితే రావాలి, లేదా అప్పు తేవాలి. అమ్మిన సరుకు కంటే కొన్న సరుకు ఖరీదు ఎక్కువైతే ఆ తేడానే వాణిజ్య లోటు.

కరోనా దెబ్బకి చమురు ధరలు పడిపోయిన 2020-21లో ముడి చమురుకు సుమారు 6,200 కోట్ల డాలర్లు పోశాం. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక, 2022-23లో అది 15,700 కోట్లు దాటింది. కొన్న చమురు ఐదో వంతు కూడా పెరగలేదు, బిల్లు మాత్రం రెండున్నర రెట్లయింది. అదే ఏడాది దేశమంతా ఎగుమతి చేసిన రొయ్యలు, చేపల సొమ్ము సుమారు 800 కోట్ల డాలర్లు. అందులో మన జిల్లాల రొయ్యదే పెద్ద పాలు. అంతా కలిపినా మూడు వారాల చమురుకు చాలదు!

లోటు ముదిరితే ఏమవుతుందో 1991లో చూశాం. 1990 గల్ఫు సంక్షోభంతో చమురు ధర ఎగిరి, డాలర్లు అడుగంటాయి. 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకులకు తాకట్టు పెట్టారు. జూలైలో రూపాయి విలువ తగ్గించారు. ఆ వెనకే ప్రైవేటీకరణ విధానాలొచ్చాయి.

రూపాయి పడితే ఎగుమతి వ్యాపారికి డాలరుకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. చెరువు గట్టున కూలీకి ఏమొస్తుంది? కరెంటు పోతే ఏరియేటర్లు తిప్పే జనరేటరుకు డీజిలు, కోత మిషను కిరాయి, తాడేపల్లిగూడెం మిల్లుకు ధాన్యం తోలే లారీ బాడుగ అన్నీ పెరుగుతాయి. కౌలు రైతు ఆ డీజిలు ఖర్చు తగ్గించలేడు. తగ్గించగలిగింది కూలి ఒక్కటే. ఇంటికెళ్తే గ్యాసు బండా, నూనె ప్యాకెట్టూ అదే దారి.

పోనీ, ధర దిగినప్పుడు మనకేమైనా దక్కిందా? 2020 మే నెలలో కేంద్రం లీటరు డీజిలుపై సుంకం ఏకంగా 13 రూపాయలు పెంచి, ఆ తగ్గుదలను తానే మింగింది.

అందుకే మేము అడిగేది రెండే. డీజిలుపై పన్నుల భారం తగ్గించాలి. పొలంలోనూ, చెరువు పట్టుబడిలోనూ కూలి రేటును ధరలతో ముడిపెట్టి పెంచాలి. ఏలూరు కలెక్టరేటు ముందు కూర్చునే రోజున ఈ లెక్కలు ప్రతి కూలీ నోటా రావాలి. ఊరూరా చదివి వినిపించండి.