పాలు మానిన సహోదరి, పొడి కొన్న యౌవనుడు

మమ్రే దగ్గర తన గుడారమునకు వచ్చిన అతిథుల ముందు అబ్రాహాము వెన్న, పాలు, దూడ మాంసము పెట్టినట్లు ఆదికాండము 18వ అధ్యాయములో చదువుతాము. మన ఇండ్లలో కూడ ఎవరైనా వస్తే ముందుగా పొయ్యి మీదకు ఎక్కేది పాలగిన్నెయే. అయితే నేడు ఆ పాల విషయములో ఒక భయము, ఒక భ్రమ మన కుటుంబాలలో ప్రవేశించాయి.

నాదర్‌గుల్‌లో ఒకప్పుడు పొలాలు, బర్రెల కొట్టాలు ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు కనబడుతున్నాయి. పొలం పని తగ్గింది, నడక తగ్గింది, తిండి మాత్రం తగ్గలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది ఉండవలసిన దానికంటె ఎక్కువ బరువు ఉన్నారు.

కొంతకాలము క్రిందట మేము తిండిపోతుతనమును గూర్చి కఠినముగా ప్రసంగించాము. ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి కన్నీళ్లతో వచ్చి, "అయ్యగారూ, పాలు మానేసిన, పెరుగు మానేసిన, అన్నం సగమే తింటున్న. అయినా తగ్గుతలేను. నేనేం పాపం చేసిన?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ వారమే వారి ఇంటికి వెళ్లి, ఆమె రోజంతా ఏమి తింటున్నదో ఓపికగా విన్నాము.

మధ్యాహ్నము పచ్చడితో కొంచెం అన్నము. నాలుగు గంటలకు తట్టుకోలేని ఆకలి. అప్పుడు మురుకులు, బిస్కెట్లు. రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర. అంటే ఎనిమిది చెంచాలు, సుమారు 40 గ్రాములు! రోజుకు 25 గ్రాములకు మించకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆమె మానినది కడుపు నిలిపే పెరుగును; ఉంచుకున్నది ఆకలి తీర్చని తీపిని.

పాలలో ఏమున్నది?

పాలలోని ప్రోటీన్లు ముఖ్యముగా రెండు రకాలు. నూటికి 80 పాళ్లు కేసీన్, మిగిలిన 20 పాళ్లు వే ప్రోటీన్. పాలు విరిగినప్పుడు గడ్డగా చేరేది కేసీన్; పల్చని నీటిలో మిగిలేది ఎక్కువగా వే ప్రోటీన్. కేసీన్ కడుపులోని ఆమ్లము తగిలి గడ్డకట్టి మెల్లగా జీర్ణమవుతుంది. వే ప్రోటీన్ త్వరగా జీర్ణమవుతుంది. ఇవి పేగులను చేరినప్పుడు జి.ఎల్.పి.-1 వంటి హార్మోన్లు విడుదలై, "ఇక చాలు" అని మెదడుకు కబురు పంపుతాయి. నేడు బరువు తగ్గుటకు డాక్టర్లు వ్రాస్తున్న కొన్ని ఇంజెక్షన్లు ఈ హార్మోనును పోలినవే. అయితే పాలు చేసే పని వాటితో పోల్చితే చాలా చిన్నది. భోజనానికి ముందు పాల ప్రోటీను తీసుకొన్నవారు ఆ పూట కొంత తక్కువ తిన్నట్లు అనేక పరిశోధనలలో కనబడింది. కాని మొత్తము తిండి తగ్గించకుండా పాలు మాత్రమే పెంచితే బరువు తగ్గదు.

ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్ల ఆవు పాలలో ప్రోటీను సుమారు 6 గ్రాములు, క్రొవ్వు 9 గ్రాములు. బర్రె పాలలో ప్రోటీను 7, క్రొవ్వు 13. చిలికి వెన్న తీసినప్పుడు పోయేది క్రొవ్వే. ప్రోటీను చాలా మట్టుకు మజ్జిగలోనే నిలుస్తుంది. మన అమ్మమ్మలు వెన్న అమ్ముకొని మజ్జిగ ఇంటికి ఉంచుకొన్నారు. ఇంటికి మిగిలినది తక్కువదేమీ కాదు!

డబ్బాలోని పొడి

ఇక భ్రమ సంగతి. మా సంఘములోని ఒక యౌవనుడు కండలు పెరగాలని దిల్‌సుఖ్‌నగర్‌లో వేల రూపాయలు పెట్టి ప్రోటీన్ పొడి కొన్నాడు. అతని తల్లి బర్రె పాలు అమ్మి ఇల్లు నడుపుతున్నది. ఆ డబ్బాలో ఉన్నది పాలనుండి తీసిన వే ప్రోటీనే! కండల కొరకు ఇటువంటి పొడులు వద్దని మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలలో చెప్పింది. అదే సంస్థ పెద్దవారికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు సూచిస్తున్నది.

కాబట్టి తల్లులారా, పెరుగును, మజ్జిగను భయపడి మానవద్దు. మీగడ తీయండి, టీలో చక్కెర తగ్గించండి, పప్పు కూర పెంచి అన్నము తగ్గించండి, సాయంత్రము నడవండి. రెండేండ్లలోపు పిల్లలకు మాత్రము వెన్న తీసిన పాలు తగవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తీసుకోవాలి. తేనె అయినను తగినంతే తినాలని సామెతల గ్రంథము హెచ్చరిస్తున్నది గదా. పాలకూ అదే కొలత.

ఆ సహోదరి మధ్యాహ్నము మళ్లీ పప్పు, పెరుగు తింటున్నది. టీలు రెండుకు తగ్గాయి. నాలుగు గంటల ఆకలి నెమ్మదించింది. బరువు కొద్దిగానే తగ్గింది, ఇంకా తగ్గవలసియున్నది. సమూయేలు ఏలీయాబు ఎత్తును చూచి పొరబడినట్లు మేము ఆమె లావును చూచి పొరబడ్డాము. ఆమె ఇంట్లోనే క్షమాపణ అడిగాము. ఆమె లోపలికి వెళ్లి మాకు గ్లాసెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మన సంఘాలలో బరువును బట్టి ఎవరినీ తీర్పు తీర్చకుందుము గాక. దేవుడిచ్చిన దేహమును జ్ఞానముతో కాపాడుకొనుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.